చెక్క మాట్లాడే దాకా

నాకు ఒక జబ్బు ఉంది. ఏదైనా చప్పుడు వింటే అది ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేదాకా తిన్న అన్నం అరగదు. బస్సెక్కితే ఏ సీటు బోల్టు వదులైందో వెతుకుతాను. పెళ్లికి పోతే పెళ్లికొడుకు కంటే ముందు సౌండు బాక్సుల వెనక్కి పోయి ఏ వైరు గరగరలాడుతోందో చూసి వస్తాను. ఒకసారి అత్తగారింట్లో భోజనానికి దస్తర్‌ఖాన్ పరిచి అందరం దాని ముందు కూర్చున్నాక ఫ్యాను టకటకలాడుతుంటే ఓర్చుకోలేక, ముద్ద నోట్లో ఉండగానే లేచి స్టూలు ఎక్కాను. "ఈయనకు పెండ్లాం మాట తప్ప లోకంల ఉన్న చప్పుళ్లన్నీ ఇనవడ్తయ్" అని మా ఆవిడ నుస్రత్ ఇరుగుపొరుగు వాళ్లకు ఇప్పటికీ చెబుతుంది.

గోదావరిఖని చౌరస్తా వెనక సందులో రేడియోలు, టేపురికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం నాది. జబ్బునే బతుకుతెరువు చేసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరో ఒకరు ఎప్పుడో కొట్టేవాళ్లు.

రెండు వేల పదకొండులో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బొగ్గుబాయిలన్నీ బందయ్యాయి, మగవాళ్లంతా టెంట్ల కింద, ఇళ్ల ముందు ఉన్నారు. ఒక మధ్యాహ్నం అనసూర్యక్క దుకాణానికి వచ్చింది. చిన్నప్పుడు మా ఇళ్లు పక్కపక్కనే. అప్పటి నుంచి ఆమెకు నేను తమ్ముణ్ణి, ఆమె పెనిమిటి సదయ్య నాకు బావ.

"ముస్తఫా, మీ బావ సౌండు బాక్సు చేస్తుండు. సౌండు మంచిగ వస్తలేదట. నువ్వొచ్చి సూడాలె" అంది.

"స్పీకరు కొనుక్కపోయి ఎన్ని రోజులాయె, బాక్సు ఇంకా అయితలేదా?"

"రోజు చేస్తనే ఉన్నడు." పోబోయి గడప దగ్గర ఆగింది. "బాక్సును సూసుడు సరే తమ్మీ. ఆయననూ జర సూడు."

"బావకేమైంది?"

"చెవులు ఇనవడ్తలేవేమోనని నా అనుమానం. అడిగితె లేసి పడ్తడు. సమ్మె అయిపోతె మల్ల బాయిల దిగుతడు. ఆయన చెవిని నమ్ముకొని ఇంకో ఆరుగురు దిగుతరు. గదీ నా భయం."

ఆమె భయం తెలియాలంటే బావ పని ఏమిటో చెప్పాలి. ఆయన బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తవ్వి తీసిన చోట పైకప్పు మీద పడకుండా కర్ర ప్రాపులు, అంటే ఊత గుంజలు, నిలబెడతాడు. ప్రాపు తలకూ కప్పుకూ మధ్య మిగిలిన సందులో ఏటవాలుగా చెక్కిన చిన్న చెక్కను దూర్చి సుత్తెతో కొట్టి బిగిస్తారు. దాన్ని వెడ్జీ అంటారు. కప్పు దిగడం మొదలైతే ఆ బరువు ముందు ప్రాపు మీద పడుతుంది. కర్ర లోపల నార తెగుతుంది. చిట్, చిట్ అని సన్నగా వినిపిస్తుంది. అది విన్నవాళ్లు పనిముట్లు కూడా అక్కడే వదిలేసి ఉరుకుతారు. చెక్క మాట్లాడటం అంటే అదే. "ఇనుము చెప్పకుంట వంగుతది, చెక్క చెప్పి ఇరుగుతది" అంటాడు బావ.

ఆ మాట వినడంలో బావకు బాయిలో పెద్ద పేరు. కొన్నేళ్ల కింద డ్రిల్లు మిషను ఆపిన కాస్త సందులోనే ఆయన చెక్క మాట పట్టుకుని గ్యాంగును బయటికి ఉరికించాడు. వాళ్లు మలుపు తిరిగారో లేదో వెనక కప్పు కూలింది. అప్పటి నుంచి కొత్తగా బాయిలో చేరినవాళ్లు సదయ్య గ్యాంగులో పడాలని కొమురెల్లి మల్లన్నకు మొక్కుకునేవాళ్లు. చెవి పోయిందని డాక్టరు రాస్తే పైన డ్యూటీ ఇస్తారు. పైన డ్యూటీ అంటే బావకు చిన్నచూపు. చెట్లకు నీళ్లు పోయడానికా నేను బాయిల చేరింది అంటాడు.

అట్లా రెండు పనుల మీద బయలుదేరాను. ఒక మనిషి చెవిని ఆయనకు తెలియకుండా పరీక్ష చేయడం ఎట్లా అన్నది ఆలోచిస్తుంటే నాకు లోలోపల సరదాగా కూడా ఉంది. దాచుకోవడం ఎందుకు, ఉంది.

వాళ్ల క్వార్టరు వెనక రేకుల పంచలో ఉంది బాక్సు. పాత టేబుల్ ప్లైవుడ్ కోసి చేశాడు, నా తొడల ఎత్తు ఉంది. కొలతలు తప్పు పట్టడానికి లేదు. ఫోనులోంచి ఒక బతుకమ్మ పాట పెట్టించాను. పాట కంటే పెట్టె ఎక్కువ పాడుతోంది. డోలు దెబ్బ పడినప్పుడల్లా భుం అని ఒకటే మూలుగు. నేను పక్క చెక్క మీద వేలి కణుపుతో కొట్టి చూశాను. పెద్ద చెక్క, వెనక ఆధారం లేకపోతే అది డప్పు తోలు లాగా తనంతట తాను ఊగుతుంది. స్పీకరు ఒక మాట చెబితే అది నాలుగు మాటలు కలుపుతుంది. అట్లా ఊగకుండా లోపల ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక అడ్డకర్ర వేయాలి.

వెనక చెక్క విప్పి లోపలికి చూశాను. అడ్డకర్ర ఉంది. సరిగ్గా నట్టనడుమ ఉంది. దాని ఒక చివరన చదునైన చెక్కముక్క, ఆ ముక్క వెనక సుత్తెతో దిగ్గొట్టిన వెడ్జీ ఉన్నాయి.

"బావా, ఇది బాక్సా, బాయా?" అన్నాను.

"పక్కలు ఊగుతున్నయ్. ఊగెదానికి ప్రాపు పెడ్తరు. ఇంత చిన్న ముచ్చట నీకు ఎవలు చెప్పలేదా?"

నేను ఊరుకునే రకమా? స్టూలు లాక్కుని కూర్చుని మొదలుపెట్టాను. నడిమధ్యన కర్ర వేస్తే చెక్క రెండు సమాన ముక్కలవుతుంది, రెండూ ఒకే శ్రుతికి ఊగుతాయి, కాబట్టి కర్రను కాస్త ఓ పక్కకు జరపాలి. అది గట్టిగా నెట్టకూడదు, పక్కలను ఊరికే పట్టుకోవాలి, జిగురు పెట్టి వదిలేయాలి. వెడ్జీతో బిగిస్తే పక్కలు బయటికి తన్నుకుని మూలల అతుకులు విడిపోతాయి. బావ అంతా విన్నాడు, తలూపాడు, లేచి వెడ్జీ మీద ఇంకొక దెబ్బ వేశాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటే ఇదే. నాకు చిర్రెత్తింది. "నీకు చెప్పుడు చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే ఉన్నది" అన్నాను. మాట నోరు దాటాక నాలుక కరుచుకున్నాను. వంటింట్లో అప్పటిదాకా వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బావ మాత్రం నవ్వాడు.

"సగం దాకా ఎక్కింది, ఇంకా మాట్లాడలె" అన్నాడు వెడ్జీని నిమురుతూ. అది వాళ్ల పనివాళ్ల మాట అనుకుని వదిలేశాను.

అంతలో రాయమల్లు వచ్చాడు. బావ గ్యాంగులో డ్రిల్లు మిషను పట్టే మనిషి, ఆ వరసలోనే నాలుగు ఇండ్ల అవతల ఉంటాడు. గోదావరి అవతల మంచిర్యాలలో ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆయన టీవీ పెడితే అక్క ఇంట్లో టీవీ అక్కర్లేదు. "సదన్నా, బతుకమ్మకైనా అయితదా నీ డబ్బ, దసరా దాటుతదా?" అని కేకేసి, జవాబు కోసం ఆగకుండా టెంటు వైపు పోయాడు.

గేటు దగ్గర అక్క అడిగింది ఎట్లున్నడని. అడిగినదానికల్లా జవాబు చెప్పిండక్కా, చెవులు మంచిగనే ఉన్నట్టున్నయ్ అన్నాను.

"ముంగట నిలవడి మాట్లాడితివి గద. మూతి సూసి చెప్తడు" అంది.

నాకు ఆ మాట తోవంతా గుచ్చుకుంటూనే ఉంది. నేను చప్పుళ్ల డాక్టరునని చౌరస్తా అంతా చెప్పుకుంటాను. ఆమె చూసినది నేను చూడలేదు.

మర్నాడు నా దుకాణంలో గరగరలు పట్టడానికి వాడే సీడీ తీసుకుపోయాను. దానిలో పాటలుండవు. ఒకటే కూత, లావు గొంతుతో మొదలై మెల్లమెల్లగా సన్నబడుతూ చివరికి దోమ పాట దాకా పోతుంది. ఏ కూత దగ్గర ఏ చెక్క అదురుతుందో దానితో తెలుస్తుంది. ఏ కూత దగ్గర ఏ మనిషి ఆగిపోతాడో కూడా తెలుస్తుందని నా ఎత్తు.

బావ బాక్సు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"చెయ్యి ఎందుకు బావా?"

"బాయిల గట్లనే సూస్తం. కప్పును కర్రతోని కొట్టి, ఇంకో చెయ్యి కప్పుకు ఆనిస్తం. వదులున్నదంటే చేతికి తెలుస్తది."

అది నిజమే. కానీ అలవాటు కొద్దీ పెట్టాడా, లేక చెవి చేయాల్సిన పని చేతితో చేయిస్తున్నాడా? చెయ్యి అక్కడ ఉన్నంత సేపూ నాకు తేలదు. అక్కకు కనుసైగ చేశాను. ఆమె చాయ్ తెచ్చింది. నిండా పోసిన కప్పు, కింద సాసరు. రెండు చేతులా పట్టుకుంటే తప్ప ఒలికిపోతుంది. అక్క నాకంటే తెలివైంది, నేను చాయ్ అడిగానే కానీ నిండా పోయమని చెప్పలేదు.

లావు కూత మొదలైంది. బావ తలూపాడు. కూత సన్నబడింది. ఇంకా సన్నబడింది. పక్క క్వార్టరు కుక్క లేచి ఒళ్లు విదిలించుకుని అవతలికి పోయింది. అక్క గడపలో నిలబడి కొంగుతో చెవి మూసుకుంది. నాకు పళ్లు జివ్వుమంటున్నాయి. బావ చాయ్ ఒక గుక్క తాగి నా వైపు తిరిగాడు.

"ఆపినవేంది? మిగిలింది ఎప్పుడు పెడ్తవు?" అన్నాడు.

నా సరదా అంతా అక్కడితో పోయింది. సీడీ ఆపి, ఏదో వైరు సరిగా లేదని అబద్ధం చెప్పి, సామాను సర్దుకున్నాను.

గేటు బయట అక్కకు చెప్పాను. లావు చప్పుళ్లు ఉన్నాయి, మాటలు చాలా వరకు అందుతున్నాయి, సన్న చప్పుళ్లు మాత్రం పోయాయి. ఏళ్ల తరబడి డ్రిల్లు పక్కన నిలబడితే ముందు పోయేవి అవే.

"చెక్క మాట?" అంది అక్క.

"అది సన్నదే అక్కా. అదే పోయింది."

ఆమె ఏడవలేదు. గేటు గొళ్లెం తీస్తూ వేస్తూ నిలబడింది. "దవాఖానకు పోదామంటె రాడు. నేను చెప్తె నమ్మడు. నువ్వు చెప్తె నిన్ను ఇంట్లకు రానియ్యడు. సమ్మె ఎన్ని రోజులుంటదో తెల్వది" అంది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఏదో వంకతో పోయి చూసి వస్తూ ఉన్నాను, దుకాణంలో కూర్చున్నా నా బుద్ధి ఆ పంచలోనే ఉంది. చెవి సంగతి తేలిపోయింది. తేలనిది వెడ్జీ. కర్ర బిగుసుకుంది, పక్క చెక్క ఊగడం ఎప్పుడో తగ్గింది. అయినా నేను పోయిన ప్రతిసారీ వెడ్జీ ఇంకొంచెం లోపలికి ఉంటోంది. ముప్పై ఏండ్లు కర్ర బిగించిన మనిషికి ఎక్కడ ఆపాలో తెలియదా? "బాక్సు పగులుతదని తెల్వదా ఆయనకు?" అని నుస్రత్‌ను అడిగితే, "తెలిసే కొడుతుండేమో అడుగు" అని రొట్టె కాల్చుకుంటూ అంది. ఆమె మాట నిజంగానే నాకు వినబడదు, అప్పుడు కూడా వినబడలేదు.

బతుకమ్మ పండుగ మొదలైంది. ఒక సాయంత్రం పూట నేను సరైన కొలతకు కోసిన అడ్డకర్ర, జిగురు డబ్బా సంచిలో వేసుకుని పోయాను. అక్క పంచ గడపలో కూర్చుని గునుగు పూలు కట్టలు కడుతోంది. బావ బాక్సు ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను వచ్చినట్టు ఆయనకు తెలియలేదు. అక్క నన్ను చూసి మాట్లాడవద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

బావ వెడ్జీ మీద ఒక దెబ్బ వేశాడు. పెద్ద దెబ్బ కాదు, గుడ్డు పగలగొట్టినంత. సుత్తె కింద పెట్టి కళ్లు మూసుకుని చెవిని చెక్కకు దగ్గరగా వంచాడు.

చిట్.

నేను విన్నాను. అక్క పూలు కడుతున్న చెయ్యి ఆగింది. బావ కదల్లేదు. శ్వాస కూడా బిగబట్టి వింటున్నాడు. మళ్లీ చిట్, ఆ వెంటనే చిటచిటమని ఇంకో రెండు. చెవికి బెత్తెడు దూరంలో. ఆయన కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా మాట్లాడలె" అన్నాడు తనలో తాను.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ కర్ర బాక్సు కోసం పెట్టింది కాదు.

అక్క లేచింది. ఒళ్లో పూలు నేల మీద పడ్డాయి. బావ పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, చూపుడు వేలును పెట్టె పై మూల అతుకులో పెట్టింది. అక్కడ గోరు దూరేంత సందు విచ్చుకుని ఉంది. లోపల చెక్క తెల్లగా, కొత్తగా కనిపిస్తోంది. బావ వేలు ఆ చీలిక వెంట కింది దాకా పోయి మళ్లీ పైకి వచ్చింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"మొన్నటి సంది. నువ్వు కొట్టినప్పుడల్ల మాట్లాడుతనే ఉన్నది."

లేచి పడతాడనుకున్నాను. పడలేదు. వెనక గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నన్ను చూశాడు, నేనెందుకు వస్తూ పోతూ ఉన్నానో కూడా ఆ చూపుతోనే అర్థం చేసుకున్నాడు.

"నాకు భయమైతుంది అనసూర్యా" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

తర్వాత ఆయనే చెప్పాడు. "బాయిల పరీక్ష చేసుకుంటె ఆరుగురి పానం. దవాఖానల చేసుకుంటె అందరికి తెలుస్తది. ఇంట్లనే ఒక ప్రాపు పెట్టుకొని సూద్దామనుకున్న. బాక్సు చేస్తున్ననంటె ఎవలు అడగరు గద. చెక్క మాట్లాడింది ఇనవడితె నా చెవి మంచిగున్నట్టు. ఇనవడకపోతె చెక్కనే గట్టిదనుకున్న. ఇంకో దెబ్బ కొట్టిన, ఇంకో దెబ్బ కొట్టిన. ఆఖరుకు లోకంల ఇంత గట్టి చెక్క లేదని నమ్మిన."

అక్క ఆయన చేతిని వదల్లేదు.

"పోయిన వానకాలం మల్లొకపారి గ్యాంగును ఉరికిచ్చిన, యాదికున్నదా? అందరు నా చెవిని మెచ్చుకున్రు. రాయమల్లైతే భుజాల మీద ఎక్కిచ్చుకున్నడు. నేను ఇనలేదు. నా నెత్తి మీది దీపం ఆ దిక్కు తిరిగి ఉండె, కప్పు సందుల నుంచి దుమ్ము రాలుతుంటె కనవడ్డది. గంతే. దీపం ఇంకో దిక్కు ఉండి ఉంటె." అక్కడ ఆపేశాడు.

రేపే దవాఖానకు పోదామంది అక్క. "దవాఖాన యాడికి పోదు. ముందుగాల గ్యాంగుకు చెప్పాలె. నా చెవి మీద దిగింది వాళ్లు" అన్నాడు బావ. నాకు చేయడానికి ఇంకేమీ తోచక సంచిలోంచి జిగురు డబ్బా తీశాను. చేతకానివాడు పనిముట్లు తీసుకుంటాడని మా అబ్బాజాన్ అనేవాడు. బావ నా చెయ్యి పట్టి ఆపాడు.

"ఇప్పుడే అతకకు బామ్మర్దీ. ఇది ఇంకొక్కసారి మాట్లాడాలె."

మర్నాడు మధ్యాహ్నం బాక్సును ఆటోలో వేసుకుని కాలనీ మైదానంలోని సమ్మె టెంటుకు తీసుకుపోయాం. సదయ్య బాక్సు వచ్చింది, ఇగ పాటలే పాటలు అని అందరూ సంబరపడ్డారు. స్పీకరు విప్పి ఇంట్లోనే పెట్టి వచ్చామని వాళ్లకు తెలియదు. ముందు వరసలో బావ గ్యాంగు కూర్చుంది. రాయమల్లు, ఆగయ్య, అందరికంటే చిన్నవాడు వీరేందర్, మిగతా ముగ్గురు. వాళ్ల వెనక ఇంకో రెండు వరసల మగవాళ్లు, ఆ వెనక సాయంత్రం బతుకమ్మ ఆటకు పూలు పేర్చుకుంటూ కాలనీ ఆడవాళ్లు.

బావ మైకు తీసుకుని సమ్మె గురించి రెండు మాటలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు అట్లాగే పట్టుకుని గ్యాంగు వైపు చూశాడు.

"నా చెవి పోయింది. చెక్క మాట్లాడితె నాకు ఇనవడ్తలేదు. ఎప్పటి సందో నాకే ఎర్కలేదు. మీరు నన్ను నమ్మి దిగిన్రు. తప్పయింది" అన్నాడు.

మొదట లేచింది రాయమల్లు.

"పోయిన వానకాలం?"

"దుమ్ము సూసిన. ఇనలేదు."

"అంటె ఇన్ని రోజులు మమ్ముల గాలిల దీపం పెట్టినట్టు దింపినవు. మేము నిన్ను చూసి ధైర్యంగ దిగితిమి. మా పిల్లలకు ఏం జవాబు చెప్తుంటివి నువ్వు?" ఆయనకు మైకు అవసరం లేదు, చివరి దాకా వినిపించింది. ఆ కోపం న్యాయమైందే. అక్క తల దించుకుంది.

బావ తల దించుకోలేదు. ఆ మాటలన్నీ రాయమల్లు మూతి చూస్తూ పూర్తిగా తీసుకున్నాడు. మైకు బందు చెయ్యమని నాకు సైగ చేశాడు. చేశాను. బాక్సు వెనక మోకాళ్ల మీద కూర్చుని సుత్తె తీశాడు.

"నన్ను ఎన్నన్నా అనున్రి, పడ్త. ఒక్కటి చెయ్యున్రి. ఈ బాక్సు లోపట ఒక ప్రాపు ఉన్నది. వెడ్జీ కొడ్త. చెక్క మాట్లాడుతది. ఇనవడ్డోళ్లు చెయ్యెత్తున్రి. నాకైతే ఇనవడదు, నేను మీ చేతులు సూస్త."

అందరూ కదలకుండా కూర్చున్నారు. ఎవరో పిల్లను ఊరుకోబెట్టారు. బావ దెబ్బ వేసి సుత్తె దించాడు.

చిట్.

నేను చెయ్యెత్తాను. అక్క ఎత్తింది. ఆడవాళ్లలో ఒక్కొక్కటే చేతులు లేచాయి, కొన్ని చేతుల్లో తంగేడు కొమ్మలు అట్లాగే ఉన్నాయి. బాక్సుకు అందరికంటే దూరంగా ఉన్నది వాళ్లే. ముందు వరసలో వీరేందర్ ఎత్తాడు. ఒక్క క్షణం ఆగి, పక్కవాణ్ణి చూసి కాదు, నిజంగానే విని, ఇంకొకతను ఎత్తాడు.

రాయమల్లు ఇంకా నిలబడే ఉన్నాడు, చేతులు కట్టుకుని. చూపు బాక్సు మీదనే ఉంది.

"కొట్టు" అన్నాడు. "ఆపినవేంది? మాట్లాడనియ్యి."

బావ నిదానంగా ఇంకొక దెబ్బ వేశాడు. ఈసారి చిటచిటమని మూల అతుకు పై నుంచి కింది దాకా విచ్చుకుంది. వెనక వరసల్లో మళ్లీ చేతులు లేచాయి. ఆగయ్య తన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆ చేతి వంకే చూస్తూ కూర్చున్నాడు.

"కొట్టు సదన్నా" అన్నాడు రాయమల్లు.

బావ కొట్టలేదు. వీరేందర్ లేచి రాయమల్లు భుజం మీద చెయ్యి వేసి, వెనక్కి చూడమన్నట్టు తిప్పాడు. రాయమల్లు తిరిగాడు. టెంటు చివరి దాకా లేచి ఉన్న చేతులను చూశాడు. వాటిల్లో ఆయన భార్య కనకవ్వ చెయ్యి కూడా ఉంది. చూసి చూసి మళ్లీ ముందుకు తిరిగాడు. నేను ఆయనను ఎరిగినప్పటి నుంచి అంత చిన్న గొంతుతో మాట్లాడగా వినలేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

అంత చిన్న మాట బావకు వినిపించి ఉండదు. కానీ ఆ పెదవులు చూశాడు. సుత్తె బాక్సు మీద పెట్టి, లేచి, వచ్చి రాయమల్లును కూర్చోబెట్టి తానూ పక్కన కూర్చున్నాడు.